చెరిసగం కొట్టు

ఆ భవనంలో పనిచేసిన వాళ్ళందరికీ వాళ్ళు పెద్ద స్టాంపు, చిన్న స్టాంపు. అసలు పేర్లు పన్ను రసీదుల మీద తప్ప ఎక్కడా వినపడేవి కావు. అన్నదమ్ములు. కింది అంతస్తులో మెట్ల పక్కన, తండ్రి పెట్టిన రబ్బరు స్టాంపుల కొట్టు వాళ్ళది. నడిమధ్యలో గోడ ఉంది కాబట్టి కొట్టు అనేకంటే చెరిసగం కొట్టు అనాలి. ఆ గోడకి బల్ల ఎత్తున, పిల్లల పలక దూరేంత కన్నం ఉంది.

ఈ గోడ సంగతి ముందు చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది బుర్రకెక్కదు.

గొడవ కుర్చీ దగ్గర వచ్చింది. గుమ్మానికి ఎదురుగా తండ్రి కూర్చునే కుర్చీ. కొట్లోకి ఎవరొచ్చినా ముందు నమస్కారం ఆ కుర్చీకే పడేది. చిన్నోడు మీసాలు రాకముందే బడి మానేసి రబ్బరు కత్తిరించడానికి కూర్చున్నవాడు. పెద్దోడు కాలేజీలో చేరితే కొట్లో ఒక మనిషి తగ్గుతాడని తండ్రి లెక్క వేశాడు, ఆ తగ్గిన మనిషి స్థానంలో చిన్నోణ్ణి తెచ్చి పడేశాడు. తీరా పెద్దోడు కాలేజీకి ఎలా వెళ్ళాడో అలాగే తిరిగొచ్చాడు. చదువు అబ్బలేదు. వచ్చి సీసపు అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాడు. అది మాత్రం అబ్బింది, ఆ మాట చిన్నోడైనా కాదనడు. తండ్రి పోయాక కొట్టు తెరిచిన మొదటి పొద్దున చిన్నోడు షట్టరు ఎత్తి, ఊడ్చి, చెత్త బయట పోసి వచ్చేసరికి పెద్దోడు ఆ కుర్చీలో ఉన్నాడు. ఒక్క మాట అడిగింది లేదు. కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"అందులో కూర్చోడానికి నువ్వేం పొడిచావు?" అన్నాడు చిన్నోడు.

"నువ్వు పొడిచిందేంటి? రబ్బరు ఉడకబెట్టడమేగా!" అన్నాడు పెద్దోడు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మాటా మాటా పెరిగింది. తాపీమేస్త్రీ వచ్చాడు, గోడ లేచింది. అక్షరాల అరలన్నీ పెద్దోడికి, రబ్బరు ఒత్తే వేడి మిషను చిన్నోడికి అని పంపకం జరిగింది. కుర్చీ ఎవరికీ దక్కలేదు. వదిన, అంటే పెద్దోడి పెళ్ళాం, దాన్ని ఈడ్చుకెళ్ళి గేటు దగ్గర వాచ్‌మన్ ముందు పడేసింది. "ఇందులో కూర్చున్న వాళ్ళు కొట్టుకు చస్తున్నారు. నువ్వన్నా హాయిగా నిద్రపో" అంది.

పంపకం అయ్యాక గానీ ఇద్దరికీ వెలగలేదు. అక్షరాలు లేకుండా చిన్నోడు రబ్బరు దేనిమీద ఒత్తుతాడు? మిషను లేకుండా పెద్దోడు ఆ పేర్చిన అక్షరాలు ఏం చేసుకుంటాడు? పంతం అడ్డొచ్చి ఇద్దరూ కొన్నాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత మళ్ళీ మేస్త్రీ వచ్చాడు. "కట్టమన్నదీ మీరే, కన్నం పెట్టమన్నదీ మీరే. పోనీలెండి, నాకు రెండు కూలీలు" అని నవ్వుకుంటూ గోడకి ఉలి పెట్టాడు.

అప్పట్నుంచీ వ్యాపారమంతా ఆ కన్నంలోంచే. పెద్దోడు ఇనప చట్రంలో అక్షరాలు తిరగేసి పేర్చి, పక్కనున్న స్క్రూ బిగించి కన్నంలో పెడతాడు. వేలితో గోడ మీద టకటకమని కొడతాడు. చిన్నోడు తీసుకుని దాని అచ్చు తీసి, అచ్చు మీద పచ్చి రబ్బరు పరిచి, వేడి మిషన్లో బిగిస్తాడు. ఉడికిన రబ్బరుని కత్తిరించి కర్రపిడికి అంటించి మళ్ళీ కన్నంలో పెడతాడు. టకటక. ఇద్దరి మధ్యా ఉన్న భాష అదొక్కటే. మధ్యాహ్నం వదిన తెచ్చే క్యారియరు కూడా అందులోంచే వచ్చేది, ఎందుకంటే చిన్నోడు పెళ్ళి చేసుకోలేదు, వెనక వీధిలో ఒంటి గదిలో ఉండేవాడు. "అన్న మొహం చూడవు గానీ అన్న ఇంటి కూడు మాత్రం దిగుతుంది" అని పై అంతస్తు గుమాస్తాలు ఆటపట్టించేవాళ్ళు. "వండేది వదిన, మా అన్న కాదు" అనేవాడు చిన్నోడు. ఈ సమాధానం ఆయనకి చాలా గట్టిదనిపించేది.

ఆ రోజుల్లో ఆ భవనం చూడాలి. పైన మూడంతస్తులూ ఆఫీసులే. బీమా వాళ్ళు, ఓడ సరుకుల వాళ్ళు, ఆడిటర్లు, విత్తనాల కంపెనీ, తలుపు మీద బోర్డు తప్ప లోపల ఏం చేస్తారో ఎవరికీ తెలియని ఇంకో నాలుగైదు కంపెనీలు. పొద్దున్నే మెట్ల మీద చెప్పుల చప్పుడు వానలా మొదలయ్యేది. జాలీ తలుపుల లిఫ్టు ఒకటి ఉండేది గానీ, అది ఎప్పుడు ఏ అంతస్తులో అలిగి కూర్చుంటుందో తెలియక జనం మెట్లే ఎక్కేవాళ్ళు. మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో నిలబడడానికి చోటుండేది కాదు. ఎవడో ఒకడు పరుగున వచ్చి, "చిన్న స్టాంపూ, మా మేనేజరు మారాడు, సాయంత్రానికి కొత్త పేరు కావాలి" అనేవాడు. "మేనేజరు మారితే మంచిదేరా, మాకు రెండు మెతుకులు" అనేవాడు చిన్నోడు. ఆఫీసుల్లో ఎవరి పదవి పెరిగిందో, ఎవరిని దూరం తోలేశారో, వాళ్ళ పెళ్ళాలకంటే ముందు ఈ కొట్టుకే తెలిసేది. సంతకం పెట్టిన ప్రతి కాయితం మీదా వీళ్ళిద్దరి చేతులూ ఉండేవి. నగరం నడుస్తోందంటే మనం ఒత్తిన రబ్బరు మీదే నడుస్తోందని చిన్నోడికి లోలోపల ఒక గర్వం. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని తెలుసు.

తర్వాత ఒక్కొక్కరే లేచిపోయారు. ఊరి చివర అద్దాల భవనాలు కట్టారు, ఆఫీసులు అటు పోయాయి. పోయినవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. సంతకాలు కూడా కంప్యూటర్లోనే పెడుతున్నారట. ముందు మూడో అంతస్తు చీకటి పడింది, తర్వాత రెండోది. ఆఫీసులు పోయాక కలాల కొట్టు పోయింది, జిరాక్సు వాడు పోయాడు, చెప్పులు కుట్టేవాడు కూడా పోయాడు, మెట్లెక్కే కాళ్ళు లేవు మరి. బోర్డులు పీకిన చోట గోడల మీద తెల్లటి చదరాలు మిగిలాయి. పావురాలు ఆడిటర్ల గదిలో కాపురం పెట్టాయి. చివరికి కింద వెలిగే దీపాలు రెండే. గోడకి అటొకటి, ఇటొకటి.

అలాంటి ఒక పొద్దున ఇంజనీరమ్మ వచ్చింది. భవనాన్ని కొత్త కంపెనీ తీసుకుందిట, ఆ కంపెనీ మనిషి. ముప్పై దాటని వయసు, నెత్తిన పసుపు టోపీ, చంకలో చుట్టిన ప్లాను. రెండు సగాలకీ మధ్య, సరిగ్గా గోడ చివర మెట్టు మీద నిలబడింది.

"ఇద్దరికీ ఒకేసారి చెప్తాను బాబాయ్. పైన మూడంతస్తులూ ఇళ్ళు చేస్తున్నాం. కింద మాత్రం కొట్లే ఉంటాయి. పాతవాళ్ళు ఉంటామంటే వాళ్ళకే ముందు ఇస్తాం."

చిన్నోడి ప్రాణం లేచొచ్చింది. "ఉంటామమ్మా" అన్నాడు.

"అక్కడే ఉంది చిక్కు. కొత్త రూలు ప్రకారం కొట్టుకి ఇంత వెడల్పని ఉంది. మీ సగం చాలదు, ఆయన సగమూ చాలదు. రెండూ కలిపి ఒక్క కొట్టయితే సరిపోతుంది. లేదంటే పరిహారం తీసుకుని ఇద్దరూ ఖాళీ చేయాలి."

"అటుపక్కాయన ఏమంటాడో కనుక్కోండి" అన్నాడు చిన్నోడు.

ఇంజనీరమ్మ అటు తిరిగింది. "ఏమంటారు?"

"ఆలోచించి చెప్తానన్నానని ఇటుపక్కాయనకి చెప్పండి" అంది పెద్దోడి గొంతు.

ఆ పిల్ల మెడ ఇటూ అటూ తిప్పి, "ఆయనకి వినపడింది కదా?" అంది అయోమయంగా.

"వినపడింది" అన్నాడు చిన్నోడు. "ఆలోచించడానికేముందో కనుక్కోండి."

"అయ్య బాబోయ్" అని ఆమె టోపీ తీసి నుదురు తుడుచుకుంది. "శుక్రవారం మా ఆఫీసుకి రండి. ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే ఖాళీ చేసినట్టే లెక్క. అన్నట్టు నాకో స్టాంపు కావాలి. 'ఖాళీ చేయబడినది' అని. ప్లాను మీద ఖాళీ అయిన ప్రతి గదికీ వేయాలి."

"మా చేతే మా గొయ్యి తవ్విస్తున్నారన్న మాట" అన్నాడు చిన్నోడు.

"వేరే చోట చేయించుకోనా?"

"వద్దు" అన్నారు అటూ ఇటూ ఒక్కసారే.

ఆమె వెళ్ళిపోయాక చిన్నోడు స్టూలు మీద కూలబడ్డాడు. ఆయనకి చేతనైంది రబ్బరు ఒక్కటే. ఈ వయసులో పరిహారం తీసుకుని ఒంటి గదిలో కూర్చుని ఏ గోడని చూస్తాడు? కనీసం ఈ గోడ అవతల ఒక దగ్గు వినపడుతుంది. ఇక్కడ ఉండాలంటే అన్న ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ మాట అడగాలంటే ముందు తను నోరు విప్పాలి. ఎందుకు విప్పాలి? బడి మాన్పించినప్పుడు తనని ఎవరన్నా అడిగారా? కుర్చీలో కూర్చునే ముందు ఆయన అడిగాడా?

పైగా ఈమధ్య పెద్దోడి వాలకం చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. చట్రాలు ఎంతకీ రావు, వచ్చినవి తప్పులతడక. ఒక అక్షరం తలకిందులు, ఒకటి పక్కదానితో తారుమారు. అన్నిటికంటే పెద్ద పొగరు, స్క్రూ బిగించడం కూడా మానేశాడు. ఏదో విసిరేసినట్టు వదులు వదులుగా కన్నంలో పెట్టేస్తున్నాడు. చిన్నోడు అక్షరాలు పట్టే చిమటా తీసుకుని, గొణుక్కుంటూ, ఒక్కో అక్షరం సరిచేసి, తనే బిగించి ఒత్తుతున్నాడు. తండ్రి పెట్టిన కొట్లోంచి తప్పు స్టాంపు పోకూడదని తప్ప అన్న మీద ప్రేమతో కాదు. 'కాలేజీ మొహం. పని కూడా నాచేత చేయించుకోవాలి' అనుకునేవాడు.

గురువారం మధ్యాహ్నం గోడ మీద టకటకమంది. కన్నంలో 'ఖాళీ' చట్రం. చిన్నోడు ఎత్తాడో లేదో, స్క్రూ ఊడి అక్షరాలన్నీ బల్ల మీద, బల్ల మీంచి నేల మీద జలజలా రాలాయి.

అన్నేళ్ళ మౌనం ఒక్క దెబ్బకి తెగింది. కన్నానికి నోరు ఆనించి అరిచాడు. "ఒక్క స్క్రూ బిగించడానికి చేతులు పడిపోయాయా? నేను నీ జీతగాణ్ణా? చివరి స్టాంపన్నా సరిగ్గా చేసి చావొచ్చుగా!"

అవతల క్యారియరు కింద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు. వదిన చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చింది. ఎప్పుడూ నవ్వే మనిషి, మొహం కందగడ్డలా ఉంది.

"అరవడం అయిందా?" అంది.

"నువ్వు మధ్యలో రాకు వదినా. బిగించడం కూడా బరువైపోయిందా ఆయనకి?"

"బిగించలేక కాదు, కావాలనే వదిలేస్తున్నారు. ఆయనకి కనపడట్లేదు."

చిన్నోడు చేతిలో చిమటా బల్ల మీద పెట్టేశాడు.

"కంటి నరం పాడైందట. ఉన్న చూపు ఉన్నన్నాళ్ళు ఉంటుంది, పోయింది మాత్రం తిరిగి రాదన్నారు. వేళ్ళతో తడుముకుని పేరుస్తున్నారు. తప్పు ఎక్కడ పడిందో ఆయనకి తెలీదు. బిగించేస్తే నువ్వు సరిచేయడానికి ఇబ్బంది పడతావని వదులుగా పెడుతున్నారు. 'ఎందుకండీ ఈ తిప్పలు' అంటే, 'వాడు చూసుకుంటాడులే' అంటారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పాలి? కన్నంలోంచా?"

చిన్నోడు వంగి నేల మీద అక్షరాలు ఏరసాగాడు.

"రేపు ఆయన ఏం చెప్తాడు?" అన్నాడు చివరికి.

"ఖాళీ చేసేద్దాం అంటారు. చూపు లేనివాడికి కొట్టెందుకు, నా సగం పోయాక వాడొక్కడూ ఏం చేస్తాడు, పరిహారమన్నా తిననీ అంటారు." వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ ఇద్దరికీ కలిపి ఒక్క బుర్ర ఇచ్చాడు దేవుడు. దానికీ అడ్డగోడ కట్టుకున్నారు."

ఆమె వెళ్ళాక కన్నంలోంచి క్యారియరు వచ్చింది. చిన్నోడు దాన్ని పక్కన పెట్టాడు. కన్నంలోంచి చూస్తే అవతల బల్ల అంచూ, దాని మీద అరచేతులు రెండూ కనపడుతున్నాయి. ముసలి చేతులు. అవి ఎప్పుడు అంత ముసలివయ్యాయో ఆయనకి తెలియలేదు. చట్రం తప్ప చేతుల్ని చూసిందెప్పుడు?

లేచాడు. మెట్టు దిగాడు, గోడ చివర దాటాడు, ఇంకో మెట్టు ఎక్కాడు. అంతే దూరం. గోడ లేచాక ఆ మెట్టు ఎక్కడం అదే మొదలు.

లోపల దీపం ఉన్నా మసకగా ఉంది. పెద్దోడు చప్పుడు విని తల ఎత్తాడు. చిన్నోడి మొహంలోకే చూశాడు, నిండా చూశాడు.

"రండి, రండి. ఏం కావాలండీ?" అన్నాడు.

చిన్నోడు గుమ్మం పట్టుకున్నాడు.

"కూర్చోండి. ఆఫీసుదా, సొంతానికా? సొంతానికైతే గుండ్రటిది బావుంటుంది. రబ్బరు పని మా తమ్ముడిది. ఏళ్ళు గడిచినా అరగదు." చెవి ఇటు వంచాడు. "మాట్లాడరేంటండీ?"

"నేనే" అన్నాడు చిన్నోడు.

పెద్దోడి చేతులు బల్ల మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత దేన్నో వెతుకుతున్నట్టు అరల వైపు తిరిగాడు. "దారి తప్పావా?" అన్నాడు.

"తప్పాను. నువ్వు పెట్టిన అక్షరాలు చూసుకుంటూ నడిచాను మరి."

పెద్దోడు నవ్వబోయి దగ్గాడు. "చెప్పేసిందా?"

"చెప్పింది. ఖాళీ చేద్దామంటున్నావట."

"చేయక? నేను పేర్చలేను."

"నేను పేరుస్తాను."

"నీకేం వచ్చు?"

"ఇన్నాళ్ళూ నీ తప్పులు దిద్దింది ఎవడనుకున్నావు, వాచ్‌మనా?"

"మరి రబ్బరెవడు ఒత్తుతాడు?"

"నువ్వు. దానికి కళ్ళతో పనేముంది? ఉడికిందో లేదో ముక్కు చెప్తుంది. పచ్చి వాసన పోయి, కాలిన వాసన రాకముందు దించేయడమే. రబ్బరు ఉడకబెట్టడమేగా, నీకెంత పని!"

పెద్దోడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తల వంచుకున్నాడు. "ఆ మాట అని ఉండకూడదురా" అన్నాడు.

"అన్నావుగా. ఇప్పుడు ఉడకబెట్టు."

"స్టాంపులు చేయించుకునేదెవరు? పైన ఇళ్ళొస్తాయట. సంసారాలకి స్టాంపులెందుకు?"

ఇది చిన్నోడూ అనుకున్నదే. "ఏమో. ఎవరూ రాకపోవచ్చు. షట్టరు ఎత్తుకోడానికి ఒక చోటుంటుంది. ఎత్తాక నువ్వు అటు, నేను ఇటు కూర్చుని తిట్టుకోవచ్చు. ఒంటి గదిలో నన్ను తిట్టే దిక్కు కూడా లేదు."

పెద్దోడు చట్రం ఒకటి చేతికి తగిలితే ముందుకు తోశాడు. "ఆ 'ఖాళీ' ముందు చేసి తగలెయ్యి. రేపు ఆ పిల్ల అడుగుతుంది" అన్నాడు. చిన్నోడు అక్కడే స్టూలు లాక్కుని పేర్చడం మొదలుపెట్టాడు. పెద్దోడు ఏ అక్షరం ఏ అరలో ఉందో చూపు లేకుండానే చెప్తూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు.

శుక్రవారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. మెట్ల దగ్గర పెద్దోడి మోచెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. "లాగకు, నేను సంచీని కాను" అని ఒకసారి, "వదలకు, పడతాను" అని ఒకసారి విసుక్కున్నాడు. ఇంజనీరమ్మ బల్ల మీద ప్లాను పరిచి ఉంది. స్టాంపు చేతికి ఇస్తే సరదాపడి వెంటనే వేయడం మొదలుపెట్టింది. బీమా ఆఫీసు మీద ఖాళీ. ఓడ సరుకుల వాళ్ళ మీద ఖాళీ. ఆడిటర్ల గదులు మూడింటి మీదా వరసగా ఖాళీ, ఖాళీ, ఖాళీ. అక్షరం అక్షరం ముత్యంలా పడుతోంది. అంత చక్కటి స్టాంపు ఆ కొట్లోంచి ఎన్నడూ రాలేదు. చిన్నోడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ప్రతి దెబ్బకీ ఎవడో ఒక గుమాస్తా మెట్లు దిగి వెళ్ళిపోతున్నట్టుంది. పెద్దోడికి కనపడకపోయినా చప్పుడు వినపడుతోంది. "నెమ్మదిగా కొట్టమ్మా" అన్నాడు.

స్టాంపు కింది అంతస్తు మీదకి వచ్చి గాలిలో ఆగింది. "మరి మీది?"

"ఒకటే కొట్టు" అన్నాడు పెద్దోడు.

"ఎవరి పేరు మీద రాయమంటారు?"

"ఆయన పేరే రాయండి" అన్నాడు చిన్నోడు. "పన్నుల వాళ్ళొస్తే ఆయనే చూసుకుంటాడు."

"చూశావమ్మా, బుద్ధి ఎక్కడికి పోతుంది" అన్నాడు పెద్దోడు. ఇంజనీరమ్మకి నవ్వాలో వద్దో తెలియక ఇద్దరి పేర్లూ రాసేసింది.

మరుసటి వారం పనివాళ్ళు గోడ పగలగొట్టారు. కట్టిన మేస్త్రీ ఎప్పుడో పోయాడు, వచ్చినవాళ్ళు కుర్రాళ్ళు. సమ్మెట నాలుగు దెబ్బలు వేయగానే గోడ ఇంత పెళుసా అన్నట్టు కూలిపోయింది. కట్టిన కొత్తలో చిన్నోడు తనవైపు ఆకుపచ్చ రంగు వేయించుకుంటే, పెద్దోడు నీలం వేయించాడు. ఇటుక ముక్కలు ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు పులుముకుని కుప్పపడ్డాయి. వదిన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ ఎవరి సగంలో వాళ్ళే నిలబడి దుమ్ము సర్దుకునేదాకా ఆగారు.

కుర్రాళ్ళు మట్టి ఎత్తేసి చీపురు వేశారు. గోడ ఉన్న చోట నేల మీద సన్నటి పట్టీ బయటపడింది. మిగతా కొట్టంతా అరిగి, పగిలి, బూడిద రంగులో ఉంది. ఆ పట్టీ మాత్రం ఎర్రగా, నిన్న పోసినట్టుంది. తండ్రి వేయించిన గచ్చు. ఇద్దరూ పిల్లలప్పుడు ఆదివారాలు కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది నునుపు చేసిన గచ్చు. చేసినంత సేపూ జారుడాట ఆడి, తన్నులు తిని, మళ్ళీ ఆడేవాళ్ళు. అదంతా అరిగిపోయిందనుకుని చిన్నోడు ఎప్పుడో మర్చిపోయాడు. గోడ కింద ఒక ఇటుక వెడల్పున మిగిలి ఉంది.

"ఆగావేంటి? ఏముందక్కడ?" అన్నాడు పెద్దోడు అవతల్నుంచి.

"నేల" అన్నాడు చిన్నోడు. "నాన్న వేయించింది. ఎర్రగా ఉంది."

పెద్దోడు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగాడు. అరచేత్తో తడుముకుంటూ ముందుకొచ్చాడు. గరుకు అయిపోయి నునుపు మొదలైన చోట చెయ్యి ఆగింది. అక్కడే పెట్టి ఉంచాడు.

కుర్రాళ్ళలో ఒకడు సిమెంటు తట్ట పట్టుకుని వచ్చాడు. "తప్పుకోండి తాతా, ఇది కప్పేయాలి. రెండు వైపులా ఒకే మట్టం రావాలంటే తప్పదు" అన్నాడు.

"కప్పుదువుగానీ, ఉండు" అన్నాడు చిన్నోడు. చెప్పులు విడిచి, ఇటువైపు నుంచి అన్న పక్కన కూర్చున్నాడు. ఆ కుర్రాడు తట్ట దించుకుని, సిమెంటు గట్టిపడుతుందని గొణుగుతూ నిలబడ్డాడు.

"గట్టిపడితే మళ్ళీ కలుపుదాంలేరా" అన్నాడు పెద్దోడు, చెయ్యి తీయకుండా.